‘జ్ఞాన నమూనా’ అనవచ్చునా?

ఒక విషయంలో నిపుణుడిలా సలహా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముల, అంటే నిపుణ వ్యవస్థల (ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్) రంగంలో వినిపించే ‘నాలెడ్జ్ మోడల్’ను తెలుగులో ‘జ్ఞాన నమూనా’ అనవచ్చునా అని ఒకరు అడిగారు. నా దృష్టిలో అందులోని రెండు పదాలూ ఇక్కడ పొసగవు.

‘జ్ఞానం’ సంగతి త్వరగానే తేలుతుంది. జ్ఞాని అనగానే మనకు తత్త్వమెరిగినవాడు స్ఫురిస్తాడు గాని, యంత్రం మరమ్మతు తెలిసినవాడు స్ఫురించడు. ‘సాంకేతిక పరిజ్ఞానం’ అని ఎలాగూ అంటున్నాము కనుక ‘పరిజ్ఞానం’ చాలు.

చిక్కంతా ‘నమూనా’తోనే. పారసీకం నుంచి వచ్చి మనదైపోయిన ఈ మాటను రెండు విధాలుగా వాడుతున్నాము. మట్టి నమూనా అంటే పొలమంతటికీ బదులుగా పరీక్షకు తీసిన పిడికెడు మట్టి. దరఖాస్తు నమూనా అంటే చూసి నింపవలసిన కాగితం. ఒకటి మచ్చు, మరొకటి ఒరవడి. నిపుణ వ్యవస్థ కోసం కట్టేది ఈ రెండింటిలో ఏదీ కాదు.

అదేమిటో తెలియాలంటే మైసిన్ అనే నిపుణ వ్యవస్థను చూడాలి. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ తదితరులు రూపొందించిన ఈ వ్యవస్థ, కొన్ని వందల ‘అయితే–అప్పుడు’ నియమాల ఆధారంగా, రక్తంలోనూ మెదడు పొరల్లోనూ చేరిన బ్యాక్టీరియాను ఊహించి మందు సూచించేది. రోగి వయసు 8 ఏళ్ళ లోపైతే టెట్రాసైక్లిన్ ఇవ్వరాదన్నది ఆ తరహా నియమమే. ఆ మందు పెరుగుతున్న పళ్ళలోని కాల్షియంతో కలిసి వాటికి శాశ్వతంగా రంగు పట్టిస్తుందన్న కారణం మాత్రం నియమంలో ఎక్కడా ఉండదు. మైసిన్ నియమాలతో విద్యార్థులకు పాఠం చెప్పించబూనిన విలియం క్లాన్సీకి ఈ లోటు స్పష్టంగా కనబడింది. 1983లో వెలువరించిన వ్యాసంలో ఆయన ఈ ఉదాహరణనే విప్పి చూపారు. కారణం తెలిసిన వైద్యుడు, ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు పళ్ళ రంగు కన్నా ప్రాణం ముఖ్యమని ఆ నియమాన్ని దాటగలడు. నియమం మాత్రమే తెలిసినవాడికి ఎప్పుడు దాటాలో తెలియదు. ఆ కారణాలను, వస్తువుల మధ్య సంబంధాలను, విచారణ సాగే క్రమాన్ని విడివిడిగా కట్టి పెట్టుకొన్నదే మోడల్. దాన్ని మచ్చు అనడం తప్పుదారి పట్టించడమే అవుతుంది. కట్టే పనిని ‘పరిజ్ఞాన రూపకల్పన’ అనీ, కట్టినదాన్ని ‘పరిజ్ఞాన మోడల్’ అనీ అనడమే మేలని నా అభిప్రాయం. అర్థం చెడిన తెలుగు మాట కన్నా అందరికీ తెలిసిన అరువు మాట నయం.

మరొక మాటను కూడా మార్చుకోవాలని నా కోరిక. నిపుణుల నుంచి విషయం తీసుకోవడాన్ని ‘జ్ఞాన సేకరణ’ అని రాస్తున్నారు. సేకరించడానికి అది చెట్టు కింద రాలిన పండు కాదు, దానిని ‘రాబట్టాలి’. మా అమ్మమ్మ అరిసెలు వండుతున్నప్పుడు, బెల్లం పాకం ఎంతసేపు కాగాలని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. ఏది చూసి దింపావని అడిగినప్పుడు మాత్రం పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క పాకం వేసి, వేలితో దగ్గరికి తీసి, “ఇదిగో, ఉండ కట్టింది” అని చూపింది. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుందనీ, ముదిరితే రాయి అవుతుందనీ, పిండి తడి ఆరితే మాత్రం లెక్క మారుతుందనీ ఆ తరువాత ఒకటొకటిగా వచ్చాయి. తీగపాకం, ఉండపాకం అన్న పేర్లలోనే పరీక్ష ఇమిడి ఉందని నాకు తట్టింది అప్పుడే.