నాన్నగారి మందుల డబ్బా తాళంలో పెట్టాలా, కళ్లముందే ఉంచాలా?

మారతహళ్లి తెనాలోడు:
ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం కాబట్టి పాపని చూసుకోవడానికి అమ్మా నాన్నా తెనాలి నుంచి బెంగళూరు వచ్చారు. పాపకి రెండున్నరేళ్లు. నాన్నకి షుగర్, బీపీ ఉన్నాయి. ప్రతి ఆదివారం రాత్రి కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, వారానికి సరిపడా మాత్రలు స్ట్రిప్పుల్లోంచి వలిచి ఏడు గడుల ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకుంటారు. ఆ డబ్బా డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీ పక్కన ఉంటుంది.

పోయిన గురువారం పొద్దున అమ్మ పాలు కాస్తోంది, నాన్న స్నానానికి వెళ్లారు. పాప కుర్చీ లాక్కుని ఎక్కింది. అమ్మ వచ్చేసరికి గురువారం గడి తెరిచి ఉంది. నేల మీద సగం నానిన మాత్ర ఒకటి, గడిలో ఒకటి. ఉండాల్సినవి మూడు. లేనిది గ్లిమిపిరైడ్, అంటే షుగర్ మాత్ర.

ఆసుపత్రికి వెళ్లేటప్పటికి పాప నవ్వుతూనే ఉంది. అయినా డాక్టరు ఇంటికి పంపలేదు. మర్నాటి దాకా ఉంచి గంటగంటకీ వేలు గుచ్చి చూశారు. మధ్యాహ్నం షుగర్ 48కి పడిపోయింది, గ్లూకోజ్ ఎక్కించారు. ఆ చిన్న చేతికి కట్టిన కట్టు చూసి నాన్న వరండాలోకి వెళ్లిపోయారు.

ఇంటికి రాగానే డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. నాన్న ఒక్క మాట అనలేదు. కానీ రెండు రోజులు బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయారు. "ఈ వయసులో ఆయన మందులు అడుక్కుని వేసుకోవాలా?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తాళం ఉంచాలా, తీసేయాలా?

కావలి అత్తమ్మ:
తీసేయి బాబూ. బీపీ మాత్ర మానేస్తే పక్షవాతం వస్తుంది, అది మాత్రం ప్రమాదం కాదా? మా ఇంట్లో మందులు గూట్లోనే ఉండేవి. "అది చేదు, ముట్టుకుంటే దెబ్బలు" అంటే నా పిల్లలెవరూ ముట్టుకోలేదు. ఇంకో మాట, అప్పుడే ఉప్పునీళ్లు తాగించి కక్కించి ఉంటే ఆసుపత్రి దాకా పోయే పనే ఉండేది కాదు.

చెన్నై నర్సు:
అత్తమ్మా, పెద్దవారు, కాదంటున్నానని ఏమీ అనుకోకండి. పదకొండేళ్లుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. ఉప్పునీళ్ల మాట ఇది చదివేవాళ్లెవరూ పాటించకండి, దండం పెడతాను. ఉప్పు ఎక్కువైతే పిల్లల రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. మింగింది కిరోసిన్ అయితే వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టాయిలెట్ యాసిడ్ అయితే దిగేటప్పుడు ఒకసారి, పైకొచ్చేటప్పుడు ఇంకోసారి గొంతు కాలుతుంది. నోట్లో మిగిలింది వేలితో తీసేసి, ఆ స్ట్రిప్పో సీసానో చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117 నంబరుకి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. పిల్లకి ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా మాత్రం ఆ నంబరుకి ఫోన్లు పెట్టుకోకుండా నేరుగా 108కి చేయండి.

మీ డాక్టరుగారు పాపని ఉంచడం చాలా మంచి పని. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటివి ఒక్క మాత్ర చాలు, చిన్నపిల్లకి షుగర్ పడిపోవడానికి. అది వెంటనే పడాలని లేదు, చాలా గంటల తర్వాత కూడా పడొచ్చు. "బాగానే ఆడుకుంటోంది కదా" అని ఇంటికి తీసుకెళ్లిపోయి రాత్రి నిద్రలో పడిపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇక అసలు సంగతి. మన స్ట్రిప్పు ఎంతో కొంత అడ్డమే. పిల్ల ఒక్కొక్కటే చించుకోవాలి, అంతలో ఎవరో ఒకరు చూస్తారు. గడుల డబ్బాలోకి వలిచి పోశామా, ఆ అడ్డం కూడా పోతుంది. మందు తాగించేటప్పుడు "చాక్లెట్ అమ్మా" అని మురిపించే ఇళ్లలో మరీ కష్టం. దానికి మనమే నేర్పాం కదా, అది చాక్లెట్ అని! ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మల హ్యాండ్‌బ్యాగులు, కొంగుముడులు కూడా చూసుకోండి. మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో కొందరు అక్కడి నుంచే తీసుకున్నారు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వాసి:
నేను కొన్నాళ్లు అమెరికాలో ఉన్నాను. అక్కడ 1970లోనే పిల్లలు తీయలేని మూతలు ఉండాలని చట్టం చేశారు. నొక్కి తిప్పితేనే వస్తాయి. కానీ కీళ్లనొప్పుల పెద్దవాళ్లు తీయలేక మూత వదులుగా వదిలేసేవారు, లేదా వేరే సీసాలో పోసుకునేవారు. అందుకే 1995లో నిబంధన మార్చి, ఆ మూతల్ని 50 నుంచి 70 ఏళ్ల వాళ్ల చేత కూడా తీయించి పరీక్షించాలన్నారు. మీ బీరువా తాళానికీ అదే పరీక్ష పెట్టండి. నాన్నగారు మిమ్మల్ని అడక్కుండా తీసుకోగలిగితేనే అది నిలుస్తుంది. లేకపోతే పది రోజుల్లో డబ్బా మళ్లీ టేబుల్ మీదకొస్తుంది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
నాకు డెబ్బై మూడు. మీ నాన్నగారి బాధ నాకు తెలుసు బాబూ. కళ్లముందు లేకపోతే గుర్తుండదు, అది మొండితనం కాదు. మా మనవడు పుట్టాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మాత్రలు స్ట్రిప్పుల్లోనే పై అరలో, తాళం చెవి నా జంధ్యానికి. టేబుల్ మీద నా స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. మాత్ర వేసుకున్నాకే దాన్ని వెల్లకిలా పెడతాను. రాత్రి పడుకునే ముందు మళ్లీ బోర్లిస్తాను. గ్లాసు బోర్లా కనిపిస్తే మాత్ర వేసుకోలేదన్నమాట. నాలుగేళ్లలో మర్చిపోయింది రెండుసార్లు, ఆ రెండుసార్లూ ప్రయాణాల్లోనే.

కావలి అత్తమ్మ:
ఉప్పునీళ్ల సంగతి నాకు తెలియదమ్మా, మా ఊళ్లో అందరూ అదే చేసేవారు. ఇక చెప్పను. కానీ ఆ తాళం కొడుకు వేయకుండా ఆయన చేతే వేయించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆ మాట మీద నేను నిలబడతాను.

మారతహళ్లి తెనాలోడు:
అత్తమ్మగారూ, ఆ మాట నిజం. నిన్న రాత్రి నాన్నని అడిగాను. వంటింటి పై అరకి గొళ్లెం, తాళం ఆయనే బిగించారు. గడుల డబ్బా తీసేశాం, స్ట్రిప్పుల మీద వారాలు పెన్నుతో రాసుకుంటున్నారు. ఈ పొద్దున గ్లాసు బోర్లా ఉంటే పాపే "తాతా, మందు!" అని అరిచింది. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. ఇప్పుడు మిగిలింది తెనాలి ఇల్లు. అక్కడ మందులు ఫ్రిజ్ మీద, ఫినాయిల్ పాత కూల్‌డ్రింక్ సీసాలో, కలరా ఉండలు బట్టల మధ్య ఉంటాయి. సంక్రాంతికి పాపని తీసుకెళ్లే ముందే నేనొక్కణ్ణీ వెళ్లి సర్దివస్తాను.