నాన్నగారికి ఐసీడీ షాకులు: అబ్లేషన్ చేయించుకున్నవారు చెప్పండి

అమలాపురం అబ్బాయి:
నాలుగేళ్ళ క్రితం గుండెపోటు తర్వాత నాన్నగారికి ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకు కొట్టి సరిచేసే మిషను) పెట్టారు. పోయిన నెల ఒకే రాత్రి మూడు షాకులు కొట్టింది. వీటీ (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన దడ) అట, అబ్లేషన్ (దడ పుట్టే చోటును తీగతో కాల్చడం) చేయాలంటున్నారు. చేయించుకున్నవారు ఎలా ఉన్నారు? ఎన్నాళ్ళకు చెరువు పనికి వెళ్ళవచ్చు?

పాలకొల్లు టీచరు:
భయపడకండి బాబూ. పదిహేనేళ్ళు గుండెదడతో నరకం చూశాను. గజ్జ దగ్గర సిరలోంచి తీగ పంపి కాల్చారు. తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవడమే కష్టం. ఇప్పుడు ఒక్క మాత్ర కూడా లేదు!

క్యాథ్‌ల్యాబ్ కాకినాడ:
టీచరు గారూ, మీది ఎస్‌వీటీ (కింది గదులకు పైభాగంలో పుట్టే దడ) అయి ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. పదకొండేళ్ళుగా గుండెలో కరెంటు దారులు చూపే మ్యాపింగ్ మిషను ముందు కూర్చుంటున్నాను. ఈ వీటీలో అయితే, గుండెపోటు మిగిల్చిన మచ్చలో అక్కడక్కడా బతికిన కండరపు పోగుల వెంట కరెంటు గిరగిరా తిరుగుతుంది. ఆ దారులు వెతికి కాల్చడానికి గంటలు పడుతుంది. షాకులు తగ్గుతాయి, మళ్ళీ రావచ్చు కూడా. ఐసీడీ ఉండాల్సిందే.

పాలకొల్లు టీచరు:
ధైర్యం చెప్పడం కూడా తప్పేనా? నేను పడ్డది మీకేం తెలుసు?

భీమవరం రొయ్యల రైతు:
చెరువు అన్నారు కాబట్టి చెబుతున్నాను. నాకూ ఐసీడీ ఉంది. చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటరు తిరుగుతుండగా నీళ్ళలో చేయి పెట్టగానే కొట్టింది. రికార్డు చూస్తే గుండె సవ్యంగానే ఉంది. కేబులు లీకేజీని మిషను వీటీ అనుకుంది.

రావులపాలెం ఎలక్ట్రీషియన్:
అడుగు దూరంలో ఉంటే మోటారు ఏమీ చేయదు. ఊరికే భయపెట్టకండి.

భీమవరం రొయ్యల రైతు:
ఆ దూరం గట్టు మీది మోటారుకు. నీళ్ళలోకి దిగినవాడికి దూరమేమిటండీ?

రావులపాలెం ఎలక్ట్రీషియన్:
ఎర్తింగు లేకుండా నడిపేది మీరు, నింద మోటారుకా? కరెంటు లీకైతే 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయి సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టమని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను! మేతకు లక్షలు పోస్తారు, దీనికి మాత్రం చేయి రాదు.

క్యాథ్‌ల్యాబ్ కాకినాడ:
అది మనిషి ప్రాణం కాపాడుతుంది, పెట్టించండి. కానీ ఐసీడీ పసిగట్టేది మిల్లీవోల్టుల సంకేతాలను. ఆర్‌సీసీబీ పడని లీకేజీ కూడా దాన్ని మోసగించగలదు.

రాజోలు కోడలు:
గుండె లయను అదుపు చేయడానికి ఇచ్చే అమియోడరోన్ మాత్ర మాట ఎవరూ ఎత్తరేమి? మా మామగారి నీరసాన్ని వయసు అనుకున్నాం. ఏడాది తర్వాత చూస్తే థైరాయిడ్ దెబ్బతింది. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి.

భీమవరం రొయ్యల రైతు:
ఎలక్ట్రీషియన్ గారూ, నా చెరువులన్నింటికీ ఎర్తింగు ఉంది. తెగింది కేబులు.

అమలాపురం అబ్బాయి:
నాన్నగారికి షాకులు తగిలింది మంచం మీదండీ, చెరువులో కాదు. రికార్డులో ఉన్నది వీటీయే. సోమవారం చేర్పిస్తున్నాం. రాజోలు అమ్మగారూ, ఆయన వాడేదీ ఆ మాత్రే, థైరాయిడ్ పరీక్ష ఒక్కసారీ చేయించలేదు. రేపే తీసుకెళ్తాను. చెరువు పనికి ఎన్నాళ్ళు ఆగాలో మాత్రం ఎవరైనా చెప్పండి, ఆయన రోజూ అదే అడుగుతున్నారు.