గిడుగు పర్లాకిమిడి విడిచి వెళ్ళడం సబబేనా?

కోటవీధి కుర్రాడు:
ఏటా ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజున, మా ఇంట్లో ఇదే రగడ. 1880లో రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు 1936 దాకా ఇక్కడే కాపురం. ఆ ఏప్రిల్ 1న గంజాం జిల్లాను చీల్చి మన ఊరిని ఒడిశాలో కలిపారు. ఆయన 72 ఏళ్ళ వయసులో సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఉండాల్సింది అంటాన్నేను. ఇక్కడి తెలుగు బళ్ళకి పెద్దదిక్కు పోయింది.

మహేంద్రతనయ:
ఏటి తమ్ముడూ, ఎవరి అండతో ఉంటారు? మన జమీందారు రాజా కృష్ణచంద్ర గజపతి రౌండ్ టేబుల్ సమావేశంలో ప్రత్యేక ఒడిశా రాష్ట్రం కోసం వాదించి వచ్చినాయన. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) కూడా ఆయనే. కొలువిచ్చిన కోటే అటు తిరిగిపోతే పంతులు ఏం చేస్తారు?

నౌపడ బండి:
1911లోనే ఉద్యోగం మానేసిన మనిషికి కోటతో పనేముంది అన్నా? రాష్ట్రాల మధ్య గీత కూడా అంత గట్టిదేం కాదు. జమీలో పెద్ద ముక్క మద్రాసు వైపే మిగిలిపోయింది. అప్పటి రాజావారు 1900లో నడిపించిన చిన్న రైలుబండి శ్రీకాకుళం వైపున్న నౌపడ నుంచి 40 కిలోమీటర్లు వచ్చి మన ఊళ్ళో ఆగేది. 1936 తరవాతా ఆగింది. రాష్ట్రాలు రెండు, బండి ఒకటే. కాబట్టి బతకలేక వెళ్ళారంటే నేనొప్పుకోను. కోపంతో వెళ్ళారు. ఆ కోపం నాకు నచ్చింది.

కొండదారి:
అందరూ తెలుగు తెలుగంటున్నారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాటేటి? సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టిందీ ఆయనే. సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1938లో, అంటే ఊరు విడిచాకే. కొండల్ని ఆయన వదల్లేదు. గీతకి రెండు పక్కలా ఉండిపోయిన సవరల్ని మాత్రం మీరు ఏ వాటాలోనూ లెక్కెయ్యలేదు.

కోటవీధి కుర్రాడు:
నిఘంటువు సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. వెళ్ళడం తప్పన్న మాట కొంచెం తగ్గించుకుంటాను, పూర్తిగా మాత్రం కాదు. చుట్టాలొస్తే కోట చూపించి, ఇంగ్లీషు వాస్తుశిల్పి రాబర్ట్ చిషోల్మ్ గీసిన నమూనా అని గొప్పగా చెబుతుంటాం. పంతులుగారి ఇల్లెక్కడని ఇప్పటిదాకా ఏ చుట్టమూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఎవర్నీ అడగలేదు.