పోకెమాన్ ఫైర్ రెడ్‌లో ఆరూ పాయిజన్ టైపే పెట్టి ఆడితే సైకిక్ జిమ్ లీడర్ సబ్రీనాని దాటగలమా?

కోఫింగ్_కిట్టు
ఫోన్‌లో ఎమ్యులేటర్ మీద ఫైర్ రెడ్ మళ్లీ మొదలెట్టా. ఈసారి టీమ్ మొత్తం పాయిజన్. బల్బసార్ ఎలాగూ గ్రాస్/పాయిజన్ కాబట్టి స్టార్టర్ గొడవ లేదు, మొదటి జిమ్ లీడర్లు బ్రాక్, మిస్టీ ఈజీగా అయిపోతారు. సబ్రీనా దగ్గరే భయం, సైకిక్ అటాక్ ఒక్కటి తగిలితే అందరూ అవుట్. ఎవరైనా ఆడారా? పాయిజన్ జిమ్ లీడర్ కోగా దగ్గర వచ్చే టాక్సిక్ టీఎం (అటాక్ నేర్పే ఐటమ్) వాడాలా, స్లడ్జ్ బాంబా? ఇంకోటి, పాయిజన్ వాటికి డిజైన్ అంటే ఊదారంగు, బురద, పొగ, ఇంతేనా?

జుబాట్_బాధితుడు
జుబాట్ మాత్రం పెట్టుకోకు బ్రో, దండం పెడతా. గోల్‌బాట్ దాకా ఓపిగ్గా పెంచుతావ్, ఫ్రెండ్‌షిప్ పెంచుతావ్, తీరా చూస్తే నేషనల్ డెక్స్ (పోకెమాన్ల పూర్తి జాబితా) వచ్చేదాకా అది క్రోబాట్ అవ్వదు. అంటే చివర్లో వచ్చే ఎలైట్ ఫోర్ మొత్తం గోల్‌బాట్‌తోనే. ఎవడు పెట్టాడో ఈ రూలు.

నిడో_నాయుడు
నేను మొదటి జెనరేషన్ రెడ్ నుంచి ఆడుతున్నా, చెప్తా విను. నిడోరాన్ మేల్ రూట్ 3లోనే దొరుకుతుంది, పదహారో లెవెల్‌కి నిడోరినో, మౌంట్ మూన్‌లో మూన్ స్టోన్ తీసుకుని వెంటనే నిడోకింగ్ చేసెయ్. ఇంక గేమ్ అయిపోయినట్టే. ఎలక్ట్రిక్ జిమ్ లీడర్ సర్జ్ కరెంట్ దాని మీద పనిచెయ్యదు, కోగాకి గ్రౌండ్ అటాక్ డిగ్ కొట్టుకుంటూ పో. సబ్రీనాకి కూడా డిగ్గే, ఆవిడ అలకజాం డిఫెన్స్ 45, కాగితం.

రమ్య_ఆర్
నాయుడుగారూ ఫైర్ రెడ్‌లో కోఫింగ్, వీజింగ్‌లకి లెవిటేట్ అనే ఎబిలిటీ ఉందండీ. గ్రౌండ్ అటాక్ అసలు తగలదు. కోగా టీమ్‌లో నాలుగింటికి మూడు అవే, 43 లెవెల్ వీజింగ్ కూడా.

నిడో_నాయుడు
నాలుగోది మక్, దానికి తగులుద్దిగా. రెడ్‌లో ఎబిలిటీలే లేవు, అన్నిటికీ తగిలేది.

రమ్య_ఆర్
ఆయన అడిగింది ఫైర్ రెడ్ గురించి. ఇంక అలకజాం మీద డిగ్ అంటే మొదటి టర్న్ భూమిలోకి వెళ్లాలి, అది నీకంటే ఫాస్ట్, నువ్వు లోపలికి వెళ్లేలోపే సైకిక్ కొడుతుంది. సెలడాన్ గేమ్ కార్నర్‌లో షాడో బాల్ టీఎం ఉంటుంది, 4500 కాయిన్లు, అది నిడోకింగ్‌కి నేర్పించండి కిట్టు గారూ. ఈ జెనరేషన్‌లో ఘోస్ట్ అటాక్‌లన్నీ ఫిజికలే కాబట్టి అలకజాం అదే 45 డిఫెన్స్ మీద తినాలి. అన్నట్టు సబ్రీనా దగ్గర వీనోమాత్ కూడా ఉంది, అంటే ఆవిడ టీమ్‌లోనూ ఒక పాయిజన్.

వరంగల్_ట్రైనర్
గెంగార్ పెట్టుకో భయ్యా, ఘోస్ట్/పాయిజన్, సబ్రీనా ఏం జేస్తది

రమ్య_ఆర్
దానికి ట్రేడ్ కావాలి, ఒక్క ఫోన్‌లో ఎమ్యులేటర్‌తో ఎలా? పైగా షాడో బాల్, స్లడ్జ్ బాంబ్ రెండూ ఫిజికల్ అయ్యేసరికి గెంగార్ 130 స్పెషల్ అటాక్ వాటికి పనికిరాదు, 65 అటాక్‌తో కొట్టాలి. పైగా సైకిక్ పడితే దానికీ డబుల్ డ్యామేజే.

పాములపర్వతాలు
పాము పోకెమాన్ అర్బాక్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. దాని చిన్న రూపం ఎకాన్స్ ఫైర్ రెడ్‌లోనే దొరుకుతుంది, జంట గేమ్ లీఫ్ గ్రీన్‌లో లేదు. నాకు చిన్నప్పట్నుంచీ ఒకటే కంప్లైంట్. నాగుపాముకి కళ్లజోడు గుర్తు పడగ వెనకవైపు ఉంటుంది, వీడు అర్బాక్‌కి ముఖం ముందువైపు గీశాడు. పాముని ఎప్పుడూ చూడకుండా గీసినట్టుంది.

వరంగల్_ట్రైనర్
ముందట గూడ నల్లటి పట్టీలు ఉంటయ్ భయ్యా, మా పొలంల చూసిన. గీత ముందటుందా ఎన్కుందా అని గిప్పుడు ఎందుకు

పాములపర్వతాలు
పట్టీలు వేరు, ముఖం వేరు. పట్టీ చూసి ఎవడూ భయపడడు.

సుధీర్88
పోకెడెక్స్ ఎంట్రీ చదవండి సార్, ఆ గుర్తు ఎదుటివాణ్ని భయపెట్టడానికే, ప్రాంతాన్ని బట్టి డిజైన్ మారుతుందని కూడా ఉంది. ఎదురుగా నిలబడి భయపెట్టేదానికి గుర్తు ముందే ఉండాలి కదా. వెనక పెడితే ఎవడికి చూపిస్తుంది?

పాములపర్వతాలు
నిజం నాగుపాము వెనక పెట్టుకుని బతకట్లేదా?

సుధీర్88
అసలు పాయిజన్ డిజైన్‌లో పనితనం చూడాలంటే పాము సెవైపర్, ముంగిస జంగూస్. ముంగిసకి ఇమ్యూనిటీ ఎబిలిటీ ఇచ్చి విషం ఎక్కకుండా చేశారు, అంతవరకు అందరికీ తెలుసు. కానీ దానికే ఇమ్యూనిటీ బదులు ఉండగల హిడెన్ ఎబిలిటీ టాక్సిక్ బూస్ట్, అంటే విషం ఎక్కితే అటాక్ ఇంకా పెరుగుతుంది. పట్టుకున్నవాడికే విషం ఎక్కించే టాక్సిక్ ఆర్బ్ పట్టించి, విషం ఉంటే డబుల్ అయ్యే ఫసాడ్ కొట్టించండి, 70 పవర్ కాస్తా 140 అవుతుంది, దాని మీద బూస్ట్. జపాన్ ఒకినావాలో హబు అనే విషపు పాముల్ని తగ్గించడానికి 1910లో మన వైపు నుంచే ముంగిసల్ని పట్టుకెళ్లి వదిలారు, ఈ జంట వెనక ఆ కథే ఉందని నా నమ్మకం. ఆ ప్రయోగం మాత్రం ఫెయిల్, పాము తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు.

పాములపర్వతాలు
ముంగిస ఏదో వేరు తిని వచ్చి మళ్లీ పోట్లాడుతుందని మా తాత చెప్పేవాడు.

సుధీర్88
వేరూ లేదు ఆకూ లేదు. నాగుపాము విషం నరాల దగ్గర అతుక్కునే రిసెప్టర్ ముంగిసలో వేరే ఆకారంలో ఉంటుంది, అందుకే సరిగ్గా అతుక్కోదు.

లాడర్_లక్కీ
మీరంతా కథలు చెప్పుకుంటున్నారు. ఆన్‌లైన్ బ్యాటిల్ సైట్ షోడౌన్‌లో ఓయూ (ఎక్కువగా వాడే పోకెమాన్ల లీగ్) ఆడేవాడిగా చెప్తున్నా, అసలు టాక్సిక్ లెక్క ఎంతమందికి తెలుసు? మామూలు పాయిజన్ టర్న్‌కి ఎనిమిదో వంతు హెచ్‌పీ. టాక్సిక్ మొదట పదహారో వంతు, తర్వాత పదహారులో రెండు, మూడు వంతులు, అలా పెరుగుతూ పోతుంది. మొత్తం కలిపితే రెండో టర్న్ దాకా టాక్సిక్కే వెనకబడి ఉంటుంది, మూడో టర్న్‌కి రెండూ సమానం, ఐదో టర్న్‌కి పదహారుకి పదిహేను పోతాయి, ఆరులో ఖతం. కానీ వాడు మార్చుకుంటే కౌంటర్ మళ్లీ మొదటికి. అందుకే టాక్సిక్ వేసి కూర్చోవడం కాదు, వాడు మార్చుకోలేని పరిస్థితి తేవాలి. స్టీల్ వాళ్ల మీద పనిచెయ్యదు, సలాజిల్‌కి కరోషన్ ఎబిలిటీ ఉంటే తప్ప.

జుబాట్_బాధితుడు
ఓ మీరు డిఫెన్స్ పోకెమాన్ టాక్సపెక్స్ బ్యాచా. ఒక్క మ్యాచ్ అరగంట సాగదీసే మనుషులు. బేన్‌ఫుల్ బంకర్‌తో అడ్డుకోవడం, రికవర్‌తో హెచ్‌పీ నింపుకోవడం, మార్చుకుంటే రీజెనరేటర్ ఎబిలిటీతో మూడో వంతు హెచ్‌పీ ఫ్రీగా. ఇది స్ట్రాటజీ అంటారా? ఎదుటివాడు విసిగి ఫర్‌ఫీట్ కొట్టేదాకా వెయిటింగ్.

లాడర్_లక్కీ
ఓడిపోయినవాళ్లందరూ ఇదే అంటారు. స్కార్లెట్ వైలెట్ గేమ్‌లు చూశావా, రికవర్ పీపీ (ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) పది నుంచి ఐదు చేశారు, టాక్సిక్ కొన్నిటికే మిగిల్చారు. ఇంకేం కావాలి నీకు? పైగా టాక్సపెక్స్‌కి డిఫెన్స్ 152 ఉన్నా హెచ్‌పీ 50 మాత్రమే, గ్రౌండ్ కానీ సైకిక్ కానీ గట్టిది ఒకటి వేస్తే సరి.

జుబాట్_బాధితుడు
నేను ఓడిపోయానని ఎవరు చెప్పారు మీకు? లాడర్ ర్యాంక్ స్క్రీన్‌షాట్ పెట్టండి చూద్దాం.

వరంగల్_ట్రైనర్
కొట్టుకోకుండ్రి. ఫెయిరీ టైప్ రాకముందు పాయిజన్‌కి గడ్డి తప్ప ఎవ్వరు దొర్కకపోయేది, రెండో జెనరేషన్ నుంచి ఎక్స్ వై దాకా గదే కథ. మొదట్ల పురుగుల మీదన్న పనిచేసేది, అది గూడ తీసేసిండ్రు

రమ్య_ఆర్
కోగా గురించి ఒక మాట మిగిలిపోయింది. మీ ఆరూ పాయిజనే కాబట్టి ఆయన టాక్సిక్ మీ మీద పనిచెయ్యదు, స్లడ్జ్ కూడా సగమో ఇంకా తక్కువో తగులుతుంది, బల్బసార్‌కి మాత్రం గ్రాస్ కూడా కాబట్టి మామూలుగానే తగులుతుంది. ఆయన జిమ్‌లో కనపడని గోడల మధ్య దారి వెతుక్కోవడమే అక్కడ కష్టం.

మీరా_తీరం
నాకు టాక్సపెక్స్ నచ్చింది ఆటలో కాదు, డిజైన్‌లో. ముళ్ల కిరీటం ఉన్న సముద్ర నక్షత్రం పగడాల్ని తింటుంది కదా, టాక్సపెక్స్ చిన్న రూపం మరీనీ కూడా పగడం పోకెమాన్ కోర్సోలాని వేటాడుతుంది. సన్ మూన్‌లో కోర్సోలా సాయం కోసం పిలిస్తే వచ్చేది ఒక్కోసారి మరీనీ, వచ్చి కోర్సోలానే కొడుతుంది. ఊదారంగు ముద్ద చేసి వదిలేయకుండా ఇంత ఆలోచించారు. కానీ నాకు మరీనీ దొరకట్లేదు, ఎంతసేపు పిలిపించినా ఇంకో కోర్సోలానే వస్తోంది.

సుధీర్88
సాయం పిలుపులు పెంచే అడ్రినలిన్ ఆర్బ్ వాడారా? కోర్సోలా హెచ్‌పీ ఎర్రగా అయ్యేదాకా తగ్గించండి, చంపెయ్యకండి.

మీరా_తీరం
ఆర్బ్ వాడా. ఇప్పుడొకటి వచ్చింది, బాల్ వేసేలోపు కోర్సోలాని చంపేసింది 😭 ఇప్పుడు దీన్ని పట్టుకోవచ్చా లేక పారిపోతుందా?

సుధీర్88
ఒక్కటే మిగిలితే పట్టుకోవచ్చు, వేసెయ్యండి. నెట్ బాల్ ఉంటే అది, వాటర్ టైపే కదా.