వేప కట్టెలు కోయడానికి ఏ చైన్ సా (గొలుసు రంపం) కొనాలి?

ప్రశ్న – హయత్‌నగర్ నుంచి

మే నెల గాలివానకు మా పెరట్లో వేపచెట్టు వేళ్లతో సహా కూలిపోయింది. మొదలు అడుగున్నర మందం ఉంటుంది. అమ్మ ఇప్పటికీ కట్టెల బాయిలర్‌లోనే నీళ్లు కాచుకుంటుంది కనుక ఒక్క కొమ్మ కూడా బయటికి పంపదలచుకోలేదు. రాణీగంజ్‌లో రెండు దుకాణాలు తిరిగాను. ఒకరు 58 సీసీ, 22 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న పెట్రోలు యంత్రం తీసుకోమన్నారు. ఇంకొకరు కరెంటుది చాలన్నారు. ఇంతవరకు గొడ్డలి తప్ప మరేదీ పట్టలేదు. ఏది కొనమంటారు?

జవాబు – మొయినాబాద్ తోట నుంచి

22 అంగుళాలది వద్దండి. కొత్త చేతికి అంత పొడవు బార్ అదుపులో ఉండదు. అడుగున్నర మానును 16 అంగుళాల బార్‌తో రెండు వైపుల నుంచీ కోయవచ్చు. పని పెరటి వరకే అయితే 2000 వాట్ల కరెంటుది తీసుకోండి. పొడిగింపు తీగ మాత్రం మందంగా ఉండాలి, సన్నని తీగ వేడెక్కిపోతుంది. పొలం పనికి కూడా కావాలంటే పెట్రోలుది, 45 సీసీ దగ్గర ఆగండి.

అసలు సంగతి ఇంజిన్ కాదు, గొలుసు. మొదటి ఏడాది నేను ఈ మాట నమ్మలేదు. గట్టు మీది వేపమాను ఎప్పుడో ఒక మేకును మింగేసి ఉంది. కోస్తుంటే కీచుమని ఒక్క శబ్దం, అంతే. అప్పటిదాకా గోరంత పలుకులుగా రాలుతున్న పొట్టు మైదాపిండిలా రావడం మొదలైంది. యంత్రం పాడైందనుకుని మరింత బలంగా అదిమాను. బార్ కాలి, పొగ వచ్చింది. పళ్లు మొద్దుబారాయని ఒక పెద్దాయన చూపించాక గుండ్రని ఆకురాయి కొన్నాను. 0.325 అంగుళాల పిచ్ (లంకెల ఎడం) ఉన్న గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది సరిపోతుంది. ఒక్కో పన్నుకు రెండు మూడు రుద్దులు, అన్నిటికీ సమానంగా. కనుక ఏ దుకాణంలో విడి గొలుసు, ఆకురాయి ఎప్పుడూ దొరుకుతాయో అక్కడే యంత్రం కొనండి.

గొలుసు మట్టికి తగలనివ్వకండి. దుంగను ముప్పాతిక వంతు కోసి, దొర్లించి, మిగిలింది పైనుంచి కోయండి.

జవాబు – అల్వాల్ నుంచి

బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. అలాంటప్పుడు గొలుసును వెంటనే ఆపే చైన్ బ్రేక్ లేనిది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి ఉండాలి. కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. ఇంకో మాట, పడిపోయినదాన్నే కోయండి. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

ప్రశ్న అడిగినవారు

చైన్ బ్రేక్ ఉన్న 16 అంగుళాల కరెంటుది తెచ్చాను, విడి గొలుసుతో. కోసే ముందు మాను చుట్టూ తడిమి చూస్తే, బట్టలు ఆరేసే తీగ కోసం నాన్న కొట్టిన రెండు మేకులు బెరడులో సగం మునిగి కనిపించాయి. పీకేశాను. పొట్టు పలుకులుగానే రాలుతోంది. ముక్కలన్నీ ఇటుకల మీద పేర్చి, పైన రేకు కప్పాను.