ఆస్టోరియా గ్రీకు అంగళ్లు: ఫెటా ఎలా కొనాలి, శాకాహారులు ఏమి చూసుకోవాలి?

ఎడిసన్_సుధ
వచ్చే శనివారం న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాకు వెళ్తున్నాం. 31వ వీధిలో, రైలు పట్టాల కింద ఉన్న గ్రీకు దుకాణాలు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టని శాకాహారి. మా దగ్గర సూపర్ మార్కెట్లో దొరికే ఫెటా (ఉప్పునీటిలో నానబెట్టే గ్రీకు జున్ను, అంటే చీజ్) పొడిపొడిగా, ఉప్పు తప్ప మరే రుచీ లేకుండా ఉంటోంది. అక్కడ ఏమి అడగాలి, ఎలా ఎంచుకోవాలి? వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

కృష్ణలంక_రాము
తప్పక వెళ్లండి సుధగారూ. ఎన్ లేదా డబ్ల్యూ రైలెక్కి ఆస్టోరియా బులవార్డ్‌లో దిగితే టైటన్ ఫుడ్స్ అనే గ్రీకు సరుకుల దుకాణం కొద్ది అడుగుల దూరమే. 1965 వలస చట్టం తరువాత గ్రీకు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిన పేట అది.

నేరుగా జున్ను కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ఫెటా అన్న పేరు ఐరోపాలో 2002 నుంచి గ్రీసులో తయారైనదానికే దక్కుతుంది. అందులో కనీసం 70 శాతం గొర్రెపాలు ఉండాలి, మిగతాది మేకపాలు. అమెరికాలో ఆ కట్టుబాటు లేదు, ఆవుపాలతో చేసినదాన్నీ ఆ పేరుతోనే అమ్మవచ్చు. మీరు తిన్నది బహుశా అదే. కౌంటర్‌లో గ్రీసుదీ, బల్గేరియాదీ, ఫ్రాన్సుదీ పక్కపక్కనే ఉంటాయి. రుచి చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. కారం, పులుపు అలవాటైన మన నాలుకకు గ్రీసుదే నచ్చుతుందని నా నమ్మకం. ఫ్రెంచిది మెత్తగా, చప్పగా ఉంటుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటి. ముక్కతో పాటు అది నానుతున్న ఉప్పునీరు కూడా పోసివ్వమని అడగండి. మొదటిసారి నేను అడగలేదు. కాగితంలో చుట్టించుకుని తెస్తే మూడో రోజుకు అంచులు పసుపెక్కి, గట్టిపడి, పౌండున్నర పారేయాల్సి వచ్చింది. ఆవకాయ పైన నూనె తేలకపోతే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ఫెటాకు ఆ ఉప్పునీరు అటువంటిది. నీరు దొరకకపోతే లీటరు నీళ్లకు 60-70 గ్రాముల ఉప్పు కలిపి, ముక్క మునిగేలా గాజుసీసాలో ఉంచండి.

గుంటూరు_పద్మ
రాముగారు చెప్పినవన్నీ నిజమే. కానీ అత్తగారి సంగతి ముందు చూడాలి. పాలు విరగడానికి వేసే రెన్నెట్ సంప్రదాయంగా గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపు నుంచి తీసినది. జంతువుతో సంబంధం లేని రెన్నెట్ వాడే తయారీదారులూ ఉన్నారు. కౌంటర్ మీద ముక్కకు చీటీ ఉండదు కాబట్టి డబ్బా చూపించమని నిలబడి అడగాలి. నేను పదేళ్లుగా అడుగుతున్నాను, ఒక్కరూ విసుక్కోలేదు.

ఇంకో జాగ్రత్త. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసంలో గ్రీకులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. ఆ రోజుల్లో తినదగినవాటిని ‘నిస్తీసిమో’ అంటారు. ఆ మాట వినగానే మనకు పనికివస్తుందనుకుంటాం. కానీ ఆ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ తినవచ్చు. లేత గులాబీ రంగులో చూడముచ్చటగా ఉండే తరమోసలాత చేప గుడ్లతో చేసినది. మా ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ తెలియక రొట్టెకు రాసుకుని తిన్నారు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన దోల్మాదాకియాలో మాంసం లేనివి డబ్బాల్లో దొరుకుతాయి, అయినా చీటీ చదివి తీసుకోండి.

డాలస్_వెంకట్
పప్పుల అరలో ‘ఫావా’ అని రాసి ఉన్నది వదలకండి. ఇంగ్లీషువాళ్లు ఫావా అనే పెద్ద చిక్కుడు గింజ కాదది. గ్రీకుల ఫావా పసుపుపచ్చని బద్దల పప్పు. ఉల్లిపాయతో మెత్తగా ఉడికించి, మెదిపి, ఆలివ్ నూనె, నిమ్మరసం వేస్తారు. మొదటి ముద్దకే మా నాన్నగారు ‘ముద్దపప్పు’ అన్నారు.

ఆత్రేయపురం_లలిత
ఫిలో పొరలు (కాగితంలా పలుచగా సాగదీసిన పిండి రేకులు) కొంటే ఒక్క మాట. గడ్డకట్టిన పెట్టెను తెచ్చిన వెంటనే విప్పవద్దు. మా ఊరి పూతరేకులు చూసి పెరిగినదాన్ని, పలుచని పొర ఎలా పట్టుకోవాలో నాకు తెలుసనుకున్నాను. విప్పగానే మడతల దగ్గర పటపటా విరిగిపోయాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి, మర్నాడు తీసి, తడిపి పిండిన గుడ్డ కప్పి, ఒక్కొక్క పొరే తీయాలి. గుడ్డ నీళ్లు కారుతుంటే పొరలు అతుక్కుపోతాయి.

ఎడిసన్_సుధ
వెళ్లివచ్చాం. అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కౌంటర్‌లో ఆయన చిల్లుల గరిటెతో ముక్కను పైకి తీసి, నీరు ఓడ్చి, కత్తి కొనతో చిన్న పలుకు అందించారు. చెయ్యి తగలగానే విరిగింది, నోట్లో వెన్నలా కరిగి చివర పులుపు తగిలింది. అది నాకు రెండు పౌండ్లు, ఉప్పునీటితో సహా. పద్మగారు చెప్పినట్లు డబ్బా అడిగి చూసి, అత్తగారికి వేరేది తీసుకున్నాం. కలమాటా ఆలివ్ కాయలు వంకాయ రంగులో, బాదం పలుకులా కొసదేలి ఉన్నాయి. పిజ్జా మీద వేసే గుండ్రటి నల్లకాయలకూ వాటికీ పోలికే లేదు.

అత్తగారికి మాత్రం అన్నిటికంటే నచ్చింది మస్తిహా. ఖియోస్ దీవి దక్షిణ భాగంలో చెట్ల బెరడుకు గాటు పెట్టి తీసే జిగురట. ఆ వాసన పట్టించిన తెల్లని మిఠాయిని చెంచాకు చుట్టి, చల్లటి నీళ్ల గ్లాసులో ముంచి ఇస్తారు. చప్పరించి, నీళ్లు తాగాలి. ఆవిడ కళ్లు మూసుకుని ‘సాంబ్రాణి వాసన’ అన్నారు. సీసా కొన్నాం, ఇప్పటికే సగమైంది. పాయసంలో ఈ జిగురు వేసి చూసినవారు ఎవరైనా ఉన్నారా? లీటరు పాలకు ఎంత వేయాలి?