కోచ్ లేనప్పుడు వచ్చిన గెలుపులు ఎవరి పేరున రాస్తారు?

మా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ నోటీస్ బోర్డు కోసం అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ తారా వాన్‌డెర్‌వీర్ కెరీర్ పట్టిక తయారు చేస్తున్నాను. ఐడహోలో 42, ఒహైయో స్టేట్‌లో 110, స్టాన్‌ఫర్డ్‌లో 1,064, మొత్తం 1,216 గెలుపులు. 1978 నుంచి 2024 దాకా లెక్కపెడితే 46 సీజన్లు వస్తున్నాయి, ఎక్కడ చూసినా 45 అనే ఉంది. 1995-96లో ఆవిడ అమెరికా ఒలింపిక్ జట్టు కోసం సెలవు తీసుకున్నారు, ఆ జట్టు అట్లాంటాలో స్వర్ణం గెలిచింది. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ గెలుపులు తీసేస్తేనే మొత్తం కుదురుతోంది. అది న్యాయమే.

చిక్కంతా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) మహిళల జట్టు కోచ్ జీనో ఆరియెమ్మా దగ్గర వచ్చింది. 2024 నవంబరులో 1,217వ గెలుపుతో ఆయన ఆవిడను దాటారు. 2021 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టోర్నీలో కోవిడ్ వల్ల మొదటి రెండు మ్యాచ్‌లకు ఆయన లేరు, సైడ్‌లైన్ దగ్గర నిలబడి జట్టును ఆడించింది అసోసియేట్ హెడ్ కోచ్ క్రిస్ డెయిలీ. రెండూ గెలిచారు. అయినా ఆ సీజన్లో యూకాన్ 28 గెలుపులూ ఆయన పేరునే ఉన్నాయి. దాటింది ఒక్క గెలుపుతో కాబట్టి ఇది తేల్చకుండా పట్టిక అంటించడానికి మనసొప్పడం లేదు. సీజన్లవారీగా కూడి చూశాను, రెండు కాలేజీల రికార్డులూ పోల్చాను, కారణం దొరకలేదు.

హెడ్ కోచ్ ఎన్ని మ్యాచ్‌లకు దూరంగా ఉంటే గెలుపులు తాత్కాలిక కోచ్ పేరున రాస్తారు?